గాలి దూరని తెరచాప

ఇది గాలితో పందెం వేసిన తండ్రీకొడుకుల మహాగాథ. సముద్రం ఉంటుంది, తుఫాను ఉంటుంది, చివర్లో ఒక మరణం కూడా ఉంటుంది.

మరణం ఒక్కటే నిజం. ఎర్రగుంట్లలో సముద్రం లేదు. సిమెంటు దుమ్ము ఉంది, లారీలు ఉన్నాయి, ఆ లారీలకు టార్పాలిన్ పట్టలు కుట్టే మా నాయన షెడ్డు ఉంది. ఆ షెడ్డు వెనక గదిలో కూలర్ పక్కన కూర్చుని నేను కంప్యూటర్లో పడవలు గీస్తుంటాను. పడవలు కట్టే కంపెనీ సముద్రం ఒడ్డున ఉంటుంది, నేను ఇక్కడ ఉంటాను. నీళ్ల ట్యాంకరు రాని రోజు కూడా మా పడవ పని ఆగదు.

అప్పుడు నా చేతిలో ఉన్నది నలభై అడుగుల పడవ. పందేల్లో అన్నిటికన్నా ముందు పరుగెత్తాలి. పందేలు లేనప్పుడు సంసారం మొత్తం అందులోనే వండుకు తింటూ నెలల తరబడి తిరగాలి. పరుగుకు తేలికదనం కావాలి. సంసారానికి పొయ్యి, పరుపులు, మంచినీళ్ల తొట్టి, కక్కసు కావాలి. ఈ రెండింటి మధ్య పంచాయితీ చేయడమే నా ఉద్యోగం. కక్కసు తలుపు బరువు తగ్గించడానికి ఒకసారి వారం పట్టింది. ఆ వారమంతా "ఏం పని చేస్తాండావప్పా" అని ఎవరైనా అడిగితే మాట మార్చేవాణ్ణి.

ఆ బొమ్మలో నాయన కన్ను పడింది రెండింటి మీదే. ఒకటి, పడవ అడుగు నుంచి రెక్కలా నీళ్లలోకి దిగే పలక, దాని కొసన సీసం ముద్ద.

"మునగడానికి సీసం కూడా కావల్నా? అది ల్యాకపోయినా మునుగుతాది లేరా."

"మునగడానికి కాదు నాయనా. గాలి పక్కకు పడదోస్తే ఆ బరువే మళ్లీ లేపి నిలబెడతాది."

"అట్లనా. మనిషికి కూడా పెడతారేమో మీ కంపెనీని అడుగు."

అప్పటికే ఆయన మూత్రపిండాలు పాడై, రోజు విడిచి రోజు కడపకు డయాలసిస్‌కు పోతున్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వు అయిపోయాక ఏం చేయాలో తోచక కూలర్ వైపు చూశాం.

రెండోది తెరచాప. "అది గుడ్డ పనే కదా," అన్నాడు. "నువ్వు గీసిన పడవ నేను కుట్టిన గుడ్డతో నీళ్ల మీద పోతే ఒక్కసారి సూడాలరా. తొందరగా చెయ్యి. నాకాడ టైం శానా ల్యా."

అందుకని అదే పడవకు మనిషంత పొడవున నమూనా చేశాను. థర్మోకోల్ చెక్కి, పైన ఫైబర్ గుడ్డ అతికించి, అడుగున పాత బ్యాటరీల సీసం కరిగించి పోశాను. నాయన తెరచాప కుట్టాడు.

ఆయన నేల మీద కూర్చుని కుట్టేవాడు. పట్ట అంచును కాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఇరికించి, డప్పు తోలులా బిగలాగి కుట్టేవాడు. పట్ట వదులైతే లారీ వేగానికి గాలి దూరుతుంది, ఉబ్బుతుంది, చినుగుతుంది, సిమెంటు తడుస్తుంది. నాయన పట్ట కింద ఒక్క బస్తా కూడా తడవలేదని డ్రైవర్లు చెప్పుకునేవాళ్లు.

వాళ్లలో ఒక డ్రైవరు మామ మమ్మల్ని తన లారీలో మైలవరం డ్యాముకు తీసుకెళ్లాడు. వెనక పడవ. దాని మీద పట్ట కప్పి, తాళ్లు బిగించి. పడవకు కూడా సిమెంటుకు చేసే మర్యాదే జరిగింది.

నీళ్లలోకి వదిలాం. గాలి బాగానే ఉంది. పడవ పక్కకు ఒరిగింది, సీసం లేపింది. మళ్లీ ఒరిగింది, మళ్లీ లేచింది. అడుగు కూడా ముందుకు పోలేదు.

"భాయ్, నీ కొడుకు పడవ సలాం కొడతాండాది గానీ పోవడం ల్యా," అన్నాడు డ్రైవరు మామ.

నాయన నవ్వలేదు. "ఏమైందిరా?"

"నువ్వు శానా బాగా కుట్టినావు నాయనా. అదే కష్టం."

తెరచాప పలకలా చదునుగా ఉంటే గాలి దాన్ని తోస్తుందే తప్ప పడవను లాక్కుపోదనీ, గుడ్డకు కొంచెం పొట్ట ఉండాలనీ చెప్పాను.

"నా జిందగీ అంతా గాలి దూరకుండా కుట్టినా. ఇప్పుడు పిల్చి కూర్చోబెట్టమంటావా? పొట్టొచ్చిన పట్ట కుట్టింటే మా ఉస్తాదు నా చెయ్యి ఇరగ్గొట్టేటోడు."

అయినా కుట్టడానికి ఒప్పుకున్నాడు. ముక్కల అంచులను కొంచెం వంపుగా కోసి కలిపితే గుడ్డకు పొట్ట వస్తుంది. నేను గీసిన గీత మీదే కోశాడు. కుట్టాడు. ఎత్తి చూస్తే మళ్లీ చదును. విప్పి మళ్లీ కుట్టాడు. మళ్లీ చదును. అప్పుడు గమనించాను, బొటనవేలు. నేనెంత వంపు ఇచ్చినా ఆ వేలు లాగి సాపు చేసేస్తోంది.

"నేను లాగడం ల్యారా. అదే లాగుతాండాది," అన్నాడు. కాసేపు కాలు వైపు కోపంగా చూసి, "నువ్వు పట్టుకో," అన్నాడు.

పట్టుకుని కూర్చున్నాను. పాదం నీరు పట్టి ఉబ్బి ఉంది. నా వేళ్లు ఆనిన చోటల్లా గుంట పడి, అలాగే ఉండిపోతోంది. సరిగ్గా అప్పుడే డ్రైవరు మామ వచ్చాడు.

"ఏమప్పా, అంత తప్పు ఏం చేసినావు, కాళ్లు పట్టుకున్యావు?"

"డిజైన్ చేస్తాండా మామా."

"నవ్వించొద్దు వాన్ని," అన్నాడు నాయన. "గట్టిగా పట్టుకోరా."

ప్రతి కుట్టుకూ ఆ వేలు నా అరచేతిలో లాగేది. చేపను పట్టుకున్నట్టుండేది. అంత నీరసంలో కూడా దానికి అంత బలం ఎక్కడిదో నాకు తెలియదు.

అలా సగం తెరచాప అయింది. కూలర్ ముందు ఎత్తి పట్టుకున్నాను. గుడ్డ నిండుగా ఉబ్బింది. నాయన చూడలేక మొహం తిప్పుకున్నాడు.

"సిగ్గుగా ఉండాదిరా. ఇదేనా నీకు కావల్సింది?"

"ఇదే నాయనా."

"సరే. తక్కింది కడప నుంచి వచ్చినాక కుడతా."

కడప నుంచి అంబులెన్సులో వచ్చాడు. స్నానం చేయించాక, ఆనవాయితీ ప్రకారం, రెండు కాళ్ల బొటనవేళ్లనూ కలిపి గుడ్డపేలికతో కట్టారు. ముడి వదులుగా వేశారు. ఆయన చూసి ఉంటే విప్పించి మళ్లీ వేయించేవాడు. నేను బిగిద్దామని వంగి, వేలు తగలగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అది లాగలేదు.

కొడుకు మిగతా సగం కుట్టి, పడవను నీళ్లలో వదిలి కన్నీరు పెట్టుకునే ఘట్టం ఇక్కడ రావాలి. నాకు కుట్టడం రాదు. అది కాక, నా కాలు పట్టుకునేవాళ్లు కూడా ఎవరూ లేరు.

కొన్ని నెలలకు అసలు పడవ తయారై నీళ్లలోకి దిగింది. కంపెనీ వాళ్లు వీడియో పంపారు. షెడ్డులో నాయన కూర్చునే చోటే కూర్చుని, అమ్మను కూడా పిలిచి, ఫోను నిలబెట్టాను. క్రేన్ పడవను మెల్లగా దించింది. పడవ ఎంతవరకు మునగాలో నేను గీసిన గీత దగ్గరికే నీళ్లు వచ్చాయి. నిటారుగా నిలబడింది. తర్వాత కదిలింది, సాఫీగా, ఎంతో అందంగా, సముద్రం వైపు. ఆయన ఒక్కసారి చూడాలన్నది ఇదే.

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని ఫోను దగ్గరికి వంగింది.

"గుడ్డ యాడరా?"

కొత్త పడవను దించిన రోజు తెరచాప కట్టరు. ముందు డీజిల్ ఇంజను సరిగ్గా పనిచేస్తుందో లేదో చూస్తారు.