పంపు తిరగని కాగితం

దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటి నుంచీ నవ్వులాటే. పిల్లి ఎదురొస్తే పాపం ఆ పిల్లికి ఏమవుతుందో అని వేళాకోళం చేసే రకాన్ని. పైగా నా ఉద్యోగం గాలిలో ఉన్నది తూకం వేయడం. తూచి చూపిస్తే తప్ప దేన్నీ ఒప్పుకోను. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

చలికాలంలో శంషాబాద్ చుట్టుపక్కల పొగమంచు పడితే విమానాలు ఆగిపోతాయి. గాలిలో తేలే సన్నటి మసి, ధూళి రేణువులు ఎక్కువైతే ఆ మంచు ఇంకా చిక్కబడుతుంది. అవి ఎంత ఉన్నాయో, ఎక్కడివో కొలిచి, వాతావరణాన్ని ముందే అంచనా వేసే కంప్యూటర్ మోడల్‌కు అందించడం మా ప్రాజెక్టు పని.

తుక్కుగూడ దాటాక మూతపడిన ఒక కోళ్ల దాణా గోదాము ఉంది. దాని డాబా మీద మా యంత్రం పెట్టాం. అందులో తెల్లటి ఫిల్టర్ పేపర్ బిగిస్తే, పంపు రోజంతా గాలిని దాని గుండా లాగుతుంది. మర్నాడు పది గంటలకు తీసేసరికి పేపర్ మధ్యలో గుండ్రంగా నల్లటి మచ్చ ఉంటుంది. దాన్నే తూచి, పరీక్ష చేస్తాం.

గోదాముకు కాపలా దేవదాసు. ఆయన భార్య శాంతమ్మ. పక్కనే రేకుల గదిలో ఉండేవాళ్లు. గ్యాస్ ఉన్నా టీకి తప్ప ముట్టించేది కాదు శాంతమ్మ. అన్నమూ, స్నానాలకు నీళ్లూ బయట కట్టెల పొయ్యి మీదే. గంజి వార్చి వండేది. నేను వెళ్లినప్పుడల్లా అందులో ఉప్పు వేసి గ్లాసుడు ఇచ్చేది. వద్దంటే ఊరుకునేది కాదు.

ఆ పొయ్యే నాకు తలనొప్పి అయింది. పొగంతా నేరుగా డాబా మీదికే. మాకు కావలసింది ఆ ప్రాంతం మొత్తం గాలి. నా పేపర్ల మీదేమో శాంతమ్మ వంట పడుతోంది. ఓ రోజు మసిబారిన పేపర్ ఆమెకు చూపించి, ఇది తెల్లగా ఉండేదని చెప్పి, పొయ్యి మార్చుకోమన్నాను. ఎటు మార్చాలని అడిగింది. మా యంత్రానికి తగలకుండా ఎటైనా సరే అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు.

వారం తిరిగేసరికి పేపర్లు తేటబడ్డాయి. నేను సంబరపడ్డాను. తర్వాత ఒకసారి మంచినీళ్ల కోసం కిందికి దిగితే తెలిసింది, పొయ్యి ఆ రేకుల గది లోపలికి వెళ్లిందని. పొగ బయటికి రాకుండా కిటికీ కూడా మూసింది. దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ ఊదుగొట్టంతో ఊదుతోంది. నేను చూశాను. చూసి, ఏమీ అనకుండా నీళ్లు తాగి పైకి వచ్చేశాను.

ఇదంతా రాయడంలో నాకు సిగ్గుగా ఉన్న మాట ఇదే. పొగ ఊపిరితిత్తులను ఏం చేస్తుందో తెలియని మనిషినైతే వేరే సంగతి. కాలేజీలకు వెళ్లి దాని మీద ఉపన్యాసాలిచ్చేదాన్ని.

క్రిస్మస్ తర్వాత ఆమెను షాద్‌నగర్‌లో దవాఖానాలో చేర్చారు. పది రోజులకు పోయింది. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారట. ముందు నుంచే ఆయాసం ఉండేదని అప్పుడు తెలిసింది. ఒక్క చలికాలం పొగకే పోయిందని నేను చెప్పలేను. కాదనీ చెప్పలేను. దేవదాసు గదికి తాళం వేసి, కందుకూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు.

ఫిబ్రవరిలో బ్లాంక్ తీసే రోజు వచ్చింది. మా పనిలో ఇదొక పద్ధతి. నెలకోసారి ఒక పేపర్‌ను మిగతా వాటిలాగే తీసుకెళ్లి, యంత్రంలో బిగించి, పంపు వేయకుండా ఐదు నిమిషాలాగి తీసేస్తాం. మా చేతుల మురికి, డబ్బాల మురికి అంటుతోందేమో చూసుకోవడానికి. గాలి దాని గుండా పోదు కాబట్టి తెల్లగా వెళ్లింది తెల్లగానే రావాలి.

పట్టపగలు, పది దాటింది. ఎండ బాగానే ఉంది. నాతో మా ఫీల్డ్ అసిస్టెంట్ ఇమ్రాన్ భాయ్ ఉన్నాడు, శంషాబాద్ మనిషే. పేపర్ నేనే బిగించాను. ఐదు నిమిషాలాగి మూత తీసేసరికి మధ్యలో గుండ్రంగా గోధుమరంగు మచ్చ.

చేతి మురికి అంత గుండ్రంగా పడదు. గాలిని లాగితేనే అలా వస్తుంది. పంపు తిరిగిన సమయం చూపే మీటరు కదల్లేదు. కింద గదికి తాళం వేసినట్టే ఉంది. చుట్టుపక్కల ఎక్కడా పొగ లేదు.

ఇమ్రాన్ భాయ్ పేపర్ వాసన చూశాడు. "మేడం, గంజి పొంగి పొయ్యిల పడ్డ వాసనొస్తున్నది," అన్నాడు. నాకూ అదే వాసన తగిలింది.

ల్యాబ్‌లో మూడుసార్లు తూచాను. కట్టె కాలితేనే పుట్టే ఒక రకం చక్కెర ఉంటుంది, అది కూడా అందులో దొరికింది. నేను పేపర్లు తారుమారు చేసి ఉంటానని, పాడైందని రాసి పక్కన పెట్టమని మా సారు అన్నారు. ఆ మాట నాకూ హాయిగానే తోచింది.

మార్చిలో రెండు బ్లాంకులు తీసుకెళ్లాం. ఇమ్రాన్ భాయ్ బిగించింది మల్లెపువ్వులా తెల్లగా వచ్చింది. నేను బిగించింది మళ్లీ అలాగే వచ్చింది. దాన్ని డబ్బాలో పెట్టి మెట్లు దిగాను. భయం కంటే, దొరికిపోయానన్న బాధే ఎక్కువ.

ఆ ఆదివారం కందుకూరు వెళ్లాను. దేవదాసు అప్పుడే చర్చి నుంచి వచ్చాడు. పేపర్ల సంగతి ఎత్తలేదు. పొయ్యి మార్చమన్నది నేనేనని, లోపల పెట్టింది చూసి కూడా ఊరుకున్నానని చెప్పాను. చెబుతూ ఏడ్చేశాను.

ఆయన లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. తర్వాత నెమ్మదిగా, "నాకెరుకే మేడం," అన్నాడు. "బయటనే పెట్టుకోమని నేను గూడ చెప్పిన. ఇనలే. కాయితం తెల్లగ రాకపోతే ఆ పిల్లను పెద్దోళ్లు తిడ్తరు అన్నది."

నన్ను ఎవరూ తిట్టేవాళ్లు కాదు. తిడతారని ఆమెతో నేను ఎప్పుడూ అనలేదు కూడా. తనకు తానే అనుకుంది.

ఇప్పుడు బ్లాంకులన్నీ ఇమ్రాన్ భాయే బిగిస్తున్నాడు. నేను అడగలేదు, ఆయనే ఆ పని తీసుకున్నాడు. పాడైన ఆ రెండు పేపర్లూ నా దగ్గరే ఉన్నాయి. గాలి ఎటు నుంచి వచ్చిందో చెప్పడమే నా బతుకుతెరువు. వాటి మీదికి ఏ గాలి వచ్చిందో మాత్రం ఈ రోజుకీ చెప్పలేను.

ఆ ఆదివారం నేను లేచి వస్తుంటే దేవదాసు గేటు దాకా వచ్చాడు. "ఇగ తెల్లగొస్తున్నయా మేడం, మీ కాయితాలు?" అని అడిగాడు.

వస్తున్నాయన్నాను.

ఆయన కళ్లు మూసుకుని, దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు.