కామాటిపుర గల్లీలో రథం కదిలిన ఉదయం

ఏ ఊరికి వెళ్ళినా అక్కడ రథం ఉందా అని అడగడం నా అలవాటు. హన్మకొండ పోస్టాఫీసులో ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా రథాలు చూడడానికి బయలుదేరుతుంటాను. హంపిలో రాతిరథం ముందు కూర్చుని, ఇప్పుడు ఏనుగులున్న చోట ఒకప్పటి గుర్రాల వెనక కాళ్ళు ఇంకా మిగిలి ఉండడం చూశాను. కోణార్క్‌లో ఒక్క చక్రం బొమ్మ గీయడానికే పూట గడిచిపోయింది. ఈ మాఘమాసంలో ముంబై వెళ్ళింది భాజా గుహల కోసం. ముంబై నుంచి లోనావాలా దాకా రైలు, అక్కడ పుణె వైపు లోకల్ ఎక్కితే తరువాతి స్టేషనే మలవలి. దిగి కాస్త నడిచి, మెట్లెక్కితే గుహలు. ఒక గుహ గోడ మీద రెండు వేల ఏళ్ళ కిందటి శిల్పం ఉంది. నాలుగు గుర్రాల రథంలో ఇద్దరు స్త్రీల మధ్య నిలబడి, రాక్షసుల మీదుగా తోలుకుపోతున్న ఆ వీరుడు సూర్యుడేనని చాలామంది అంటారు.

నేను ఆ రథం చక్రం గీసుకుంటూ ఉండగా పక్కన ఒకావిడ ఫోన్‌లో, "అత్తమ్మా, రేపటికి మోకు వచ్చిందా?" అని అడిగింది. తెలుగు మాట వినపడడమే ఆశ్చర్యం, అందులోనూ మోకు. రథం లాగే లావుపాటి తాడుకు తప్ప ఆ మాట ఈ రోజుల్లో ఎవరు వాడతారు? ఆగలేక పలకరించాను. ఆమె పేరు శోభ. ముంబై ఆసుపత్రిలో నర్సు, స్నేహితురాళ్ళతో గుహలు చూడడానికి వచ్చింది. పుట్టిందీ మెట్టిందీ ముంబైలోని కామాటిపురలోనే. మరునాడు రథసప్తమి అనీ, తాముండే చాల్ అనే పాత అద్దెగదుల భవనంలోని చిన్న వెంకటేశ్వరుడి గుడి రథం చాలా ఏళ్ళ తరువాత కదలబోతోందనీ చెప్పింది. "రాండ్రి అక్కా, సూద్దురు. కదులుతదో లేదో మాకే ఎర్కలేదు," అంది. తిరుగు టికెట్టు మార్చుకున్నాను.

నేను దాదర్‌లో ఒక లాడ్జిలో దిగాను. తెల్లవారాక స్లో లోకల్ ఎక్కి గ్రాంట్ రోడ్‌లో దిగాను. ఫాస్ట్ బండ్లు అక్కడ ఆగవని ముందే తెలుసుకోవడం మంచిది. తూర్పు వైపు బయటికొచ్చి నడిస్తే పావుగంటలో నంబర్ల గల్లీలు మొదలవుతాయి. టాక్సీ ఎక్కితే మీటరు కదిలేలోపే చేరిపోతాం. బయటివాళ్ళకు కామాటిపుర అనగానే అక్కడి వేశ్యావాటిక ఒక్కటే గుర్తొస్తుంది. ఈ నగరాన్ని కట్టడానికి రాళ్ళూ మట్టీ మోసిన తెలుగు కామాటీల వల్ల దానికి ఆ పేరు వచ్చిందని చాలామందికి తెలియదు. దారిలో చాయ్ తాగుతూ తెలుగువాళ్ళ రథం ఎక్కడని అడిగితే, ఆ ఉత్తరాది చాయ్‌వాలా నన్ను పైకీ కిందికీ చూసి, ఆ రథం తాను ఎన్నడూ చూడలేదనీ, ఏటా టెంపో మాత్రం వెళ్తుందనీ చెప్పాడు.

చాల్ మూడంతస్తులది. ఒక్కొక్క అంతస్తుకూ పొడుగాటి వరండా, వరండా వెంట ఒంటిగది ఖోలీలు. ఆ పొద్దున వరండా నిండా ఆడవాళ్ళు కూర్చుని చిక్కుడుకాయలకు చీపురుపుల్లలు గుచ్చి చిన్న చిన్న రథాలు చేస్తున్నారు. పాలు పొంగిన వాసన. పిల్లలు మరాఠీలో మాట్లాడుతున్నారు, ముసలివాళ్ళు తెలుగులో జవాబిస్తున్నారు. కింద వాకిట్లో అసలు రథం నిలబడి ఉంది. రెండాళ్ళ ఎత్తు టేకు రథం. నాలుగు చక్రాలు, ముందు రెండు చెక్కగుర్రాలు, గుర్రాల పక్కన ఏనుగులకూ నెమళ్ళకూ బదులు తట్టలు మోస్తున్న మనుషుల బొమ్మలు. అలాంటి రథం నేనెక్కడా చూడలేదు. రథాల మీద రాజులను చూశాను, దేవతలను చూశాను. తట్ట నెత్తిన పెట్టుకున్న కూలిమనిషిని రథం మీద చెక్కడం అదే మొదటిసారి చూడడం.

శోభ అత్తగారు లక్ష్మవ్వ నా పక్కకు వచ్చి నిలబడింది. డెబ్బై దగ్గర పడిన మనిషి, ఎముకల గూడులా ఉంది గానీ గొంతు మాత్రం గట్టిది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన తన తాత, తోటి కూలీలతో కలిసి పనులు లేని రోజుల్లో ఈ రథం చేశాడట. చాలా ఏళ్ళ కింద ఇరుసు విరిగింది. అప్పటి నుంచి స్వామిని టెంపోలో ఊరేగిస్తున్నారు. ఇప్పుడు చాల్ పడగొట్టి కొత్త బిల్డింగు కడతారట. అందులో రథానికి చోటెందుకు, ఎవరికైనా ఇచ్చేద్దామని కొందరన్నారు. లక్ష్మవ్వ ఒప్పుకోలేదు. ధారావిలోని వడ్రంగితో కొత్త ఇరుసు చేయించింది. చాల్ కమిటీ పెద్ద వెంకటేశం ఆమె మరిదే. ఆయన ఒక మాట మీద ఒప్పుకున్నాడు. ఈసారి రథం గల్లీ చుట్టి తిరిగి వస్తే కొత్త బిల్డింగులో దానికి గది అడుగుతాడు. మధ్యలో ఆగితే ఇచ్చేయడమే. ఎందుకైనా మంచిదని వాకిలి బయట టెంపో కూడా పెట్టించాడు.

తీరా పూజ అయ్యాక చూస్తే లాగేవాళ్ళు లేరు. ఆ రోజు పనిదినం. కుర్రవాళ్ళు ఆఫీసులకు వెళ్ళిపోయారు. చాలా కుటుంబాలు ఎప్పుడో భివండికో నవీ ముంబైకో మారిపోయాయి. మిగిలినవాళ్ళలో సగం మంది మోకాళ్ళ నొప్పులవాళ్ళు. వెంకటేశం టెంపో వైపు చూశాడు. లక్ష్మవ్వ చెప్పులు తొడుక్కుని, "నడువు శోభా, నాకాకు పోదాం," అంది. కూలీలు పని కోసం పొద్దున్నే వచ్చి నిలబడే కూడలిని అక్కడ నాకా అంటారు. నేనూ వాళ్ళ వెంట వెళ్ళాను.

నాకా దగ్గర గడ్డపారలూ, పారలూ, తట్టలూ పక్కన పెట్టుకుని ఆడా మగా నిలబడి ఉన్నారు. చాలామంది మహబూబ్‌నగర్ జిల్లా వాళ్ళే. వాళ్ళ మేస్త్రీ కుర్మయ్య నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. లక్ష్మవ్వ చెప్పిందంతా విన్నాడు. నేల చూస్తూ అడిగాడు.

"అవ్వా, మేం మోకు ముట్టొచ్చునా? ఊర్ల మా తాతను రథం దాంక రానియ్యకపోతుండిరి."

లక్ష్మవ్వ అతని దగ్గరికి నడిచింది.

"మా తాతను గూడ రానియ్యలే బిడ్డా. గందుకే ఈడికొచ్చి సొంతంగ రథం చేసుకున్నడు. నువ్వు ముట్టుడు గాదు, ముందల పట్టాలె."

కుర్మయ్య తనవాళ్ళ వైపు తిరిగాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు సరిగా వినపడలేదు. అప్పటికే కాంట్రాక్టర్లు వచ్చి మనుషులను పిలుస్తున్నారు. ఆ పూట పని వదులుకుంటే మళ్ళీ మరునాడే. కొందరు వెళ్ళిపోయారు. వెళ్ళనివాళ్ళు ముప్పై మందికి పైగానే ఉంటారు. ఒక పెద్దామె తట్ట చంకన పెట్టుకుని అందరికన్నా ముందు నడక మొదలుపెట్టింది. పనిముట్లు భుజాన వేసుకుని వాళ్ళు చాల్ వాకిట్లోకి వస్తుంటే వరండాల్లోవాళ్ళు పిట్టగోడల మీదికి వంగి చూశారు. ఎవరో పైనుంచి మరాఠీలో ఏదో గొణిగారు. లక్ష్మవ్వ తలెత్తి చూసేసరికి ఆ గొంతు మళ్ళీ వినపడలేదు. మోకు కొస తెచ్చి ఆమే కుర్మయ్య చేతిలో పెట్టింది. అతను దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

తరువాత ఆడవాళ్ళు దిగారు. కూలి ఆడవాళ్ళు మోకు పట్టుకోవడం చూసి చాల్ ఆడవాళ్ళు కూడా చిక్కుడుకాయల పళ్ళేలు పక్కన పెట్టి వచ్చారు. ఇదివరకు ఆ చాల్‌లో ఆడవాళ్ళు మోకు పట్టింది లేదని శోభ నా చెవిలో చెప్పింది, చెబుతూనే పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను. గోవిందా అని ఒక్కసారి అందరూ అనగానే ఇరుసు కిర్రుమంది, కాళ్ళ కింద నేల అదిరినట్టయింది, రథం కదిలింది. ఇన్నేళ్ళూ నేను చూసిన రథాలన్నీ కదలనివి. చక్రం తిరిగితే ఆ బరువు తాడు గుండా చేతుల్లోకీ వీపులోకీ ఎలా వస్తుందో నాకు అప్పటిదాకా తెలియదు.

గల్లీలో వేలాడే కేబుల్ వైర్లను ఇద్దరు వెదురుబొంగులతో పైకెత్తుతుంటే రథం వాటి కింద నుంచి సాగింది. మలుపు దగ్గర చక్రాల కింద చెక్కముక్కలు అడ్డువేసి మెల్లగా తిప్పారు. సగం తిరిగాక వెనక చక్రం దిగబడింది. నీటి పైపు కోసం తవ్వి వదులుగా పూడ్చిన గుంట అది. ఎంత లాగినా రథం ఒరిగిందే తప్ప కదల్లేదు. వెనక నుంచి టెంపో వచ్చి ఆగింది. వెంకటేశం దిగి, స్వామిని దింపుదాం వదినా, మనుషులకు దెబ్బ తగిలితే ఎట్లా అని మెల్లగా అన్నాడు. ఆయన భయం నిజమైనదే. రథం పక్కకు పడితే కింద పిల్లలున్నారు. నేలలో చక్రం దిగబడి యుద్ధం ఓడిన వీరుడి కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. అక్కడున్న పెద్దలందరి ముఖాల్లో ఆ కథే కనిపించింది నాకు.

కుర్మయ్య మాత్రం మోకు పక్కవాళ్ళకిచ్చి వచ్చి గుంట ముందు వంగాడు. పిల్లలను దూరంగా పంపమన్నాడు. అతనివాళ్ళు పారలందుకున్నారు. ఒరిగిన వైపు రెండు దుంగలు ఆనించి, చక్రం ముందు మట్టి తీసి ఏటవాలు చేశారు. తట్టలతో రాళ్ళు తెచ్చి కూరారు, పైన పలకలు పరిచారు. పక్క బిల్డింగు కాపలాదారు తన మంచం పట్టె కూడా ఊడదీసి ఇచ్చాడు. పలక సరిగా ఉందో లేదో లక్ష్మవ్వ చేత్తో తడిమి చూసింది. వెంకటేశం కాసేపు నిలబడి చూసి, చొక్కా చేతులు మడిచి వచ్చి కుర్మయ్య పక్కన గడ్డపార పట్టుకున్నాడు.

"నేను అన్నప్పుడు ఒక్కపాలి గుంజుండ్రి," అన్నాడు కుర్మయ్య.

అన్నాడు. గుంజాం. మోకు బిగిసి మూలిగింది. చక్రం జానెడు పైకొచ్చి ఆగింది, మళ్ళీ గుంజాం, పలక మీదికెక్కింది, దాటింది. రథం ఒక్క ఊపున ముందుకొచ్చేసరికి మోకు ముందున్నవాళ్ళం ఒకళ్ళ మీద ఒకళ్ళం పడ్డాం. లేచాక నవ్వులు, ఏడుపులు కలిసిపోయాయి. పై అంతస్తుల్లోంచి పూలు పడ్డాయి. ఏ గల్లీ వాళ్ళో, ఏ భాష వాళ్ళో, కిటికీల్లో చప్పట్లు. టెంపోను వెంకటేశం వెనక్కి పంపేశాడు.

మిగతా గల్లీ అంతా పరుగులాంటి నడకే. పొద్దు ఇళ్ళ మీదికెక్కి ఎండ రథం మీద పడే వేళకు తిరిగి చాల్ వాకిట్లోకి వచ్చాం. వెంకటేశం హారతి పళ్ళెం తీసుకుని పెద్దల వరసను దాటి నేరుగా కుర్మయ్య దగ్గరికి వెళ్ళాడు. మొదటి హారతి అతనికి. తరువాత అందరికీ వినపడేలా, "కొత్త బిల్డింగుల రథానికి ఖోలీ లేకుంటే నేను కాయితాల మీద సంతకం పెట్ట," అన్నాడు. లక్ష్మవ్వ రథం మెట్టు మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. వాకిట్లోనే భోజనాల బంతులు వేశారు. పరమాన్నం, పులిహోర, పప్పు. కుర్మయ్యవాళ్ళకు లక్ష్మవ్వ కోడలితో కలిసి తానే వడ్డించింది. వచ్చే రథసప్తమికి ఊరి నుంచి అమ్మను కూడా తీసుకొస్తానని కుర్మయ్య ఆమెకు చెబుతుంటే విన్నాను.

హన్మకొండకు తిరిగి వచ్చే రైల్లో నా గీతల కాగితాలు తీసి చూసుకున్నాను. చరిత్రలో రథాలు గెలిచినవాళ్ళవి. యుద్ధం గెలిచిన రాజు దాని మీద ఊరేగుతాడు, తరువాత దాన్ని రాతిలో చెక్కిస్తాడు. ఆ రాయి మోసినవాళ్ళెవరో శాసనాల్లో ఉండదు. మోసినవాళ్ళే తమకోసం ఒక రథం చేసుకుని, తమ బొమ్మలే దాని మీద చెక్కుకుని, వందల మైళ్ళ దూరపు ఊళ్ళో దాన్ని తామే లాగి గెలవడం నేను కళ్ళారా చూశాను. ఆ గెలుపులో నా చేతులు కూడా ఉన్నాయి. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది. మీరూ రథసప్తమికి అటు వెళ్ళాలనుకుంటే ఒక్క సలహా: కెమెరా మాట ఎలా ఉన్నా, ఒక దళసరి నూలు తువ్వాలు మాత్రం మరిచిపోకండి. కొబ్బరిపీచు మోకు అరచేతులను ఒలిచేస్తుంది, మధ్యలో వదిలిపెట్టాలని మీకు అనిపించదు.