అమ్ఘరాలో ఖాదర్ చెయ్యి

నేను కువైట్‌కి రెండోసారి వెళ్ళడానికి కారణం ఒక చెయ్యి. అంతకు ముందు ఏడాది ఒక ఉచిత శస్త్రచికిత్స బృందంతో ఫిజియోథెరపిస్టుగా అక్కడ పది రోజులు పనిచేశాను. కాలిన గాయాలతో చేతులు ముడుచుకుపోయిన కార్మికులకు ఆపరేషన్లు చేసే బృందం అది. రాయచోటి ఖాదర్ బాషా అక్కడే పరిచయమయ్యాడు. అమ్ఘరాలో పాత ఇనుము యార్డులో గ్యాస్‌తో రేకులు కోస్తుంటే మంట అంటుకుని, కుడిచేతి వేళ్ళు అరచేతికి అతుక్కుపోయాయి. అతని గదిలో ఆరుగురు ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని తింటారు. అందులో ఎడమచెయ్యి పెట్టకూడదు. ఎవరూ పొమ్మనకపోయినా, ఖాదర్ తనే చిన్న గిన్నెలో పెట్టుకుని గోడవైపు తిరిగి తినేవాడు. "సుత్తి పట్టుకోను రాకపోయినా పర్వాల్యా మేడం, అందరితో ఒక పళ్ళెంలో తినాల," అన్నాడు ఆపరేషన్‌కి ముందు.

సర్జన్ వేళ్ళు విడదీసి, తొడ చర్మం తీసి అరచేతికి అతికించారు. వేళ్ళు మళ్ళీ ముడుచుకోకుండా ప్లాస్టిక్ పలక ఒకటి నేనే చేసి కట్టాను. ఆరు నెలలు తినేటప్పుడూ, వ్యాయామం చేసేటప్పుడూ తప్ప దాన్ని తియ్యకూడదని పదిసార్లు చెప్పాను. తిరుగు ప్రయాణానికి ముందు, విప్పారిన ఆ అరచేతి ఫోటో ఇదే బ్లాగులో పెట్టి చంకలు గుద్దుకున్నాను. తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా, "బాగుండాది మేడం," అనేవాడు.

ఈసారి బృందంతో వెళ్ళినప్పుడు శుక్రవారం ఖాళీ దొరికింది. కువైట్ సిటీ నుంచి జహ్రా వైపు బస్సులో మూడు వందల ఫిల్సుతో వెళ్ళొచ్చు కానీ, దిగాక చాలా దూరం నడవాలి. అందుకని పన్నెండింటికి టాక్సీ ఎక్కాను. ఐదు దినార్లు, నలభై నిమిషాలు. డ్రైవరుది కరీంనగర్.

"అమ్ఘరాల మీకేం పని మేడం? ఆడ పాత సామాను తప్ప ఏముంటది?"

"ఒకాయన్ని చూడాలి. పోయినేడాది చెయ్యి బాగుచేశాం."

"చెయ్యి బాగైతే ఈడ పని ఇంకింత ఎక్కువైతది మేడం," అన్నాడు. అనుభవం ఉన్నవాడి మాట అది. నేను నవ్వేశాను.

నమాజు అయ్యాక అందరూ ఖాదర్ గదికి చేరారు. వంట చేసిన మస్తాన్ బిర్యానీ పళ్ళెం తెచ్చి నేల మీద పెట్టాడు. నాకు కుర్చీ, విడిగా ఒక ప్లేటు ఇచ్చారు. ఐదుగురు పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. ఖాదర్ చిన్న గిన్నె తీసుకుని గోడ దగ్గరకు వెళ్ళాడు. చెయ్యి చూడకముందే నాకు అర్థమైపోయింది. ప్లేటు పక్కన పెట్టేశాను.

"చెయ్యి చూపించు ఖాదర్."

నాలుగు వేళ్ళూ మళ్ళీ లోపలికి వంగిపోయాయి. అతికించిన చర్మం గట్టిపడి తాడులా బిగుసుకుంది.

"నెల దాకా కట్టుకుంటి మేడం. పలక ఉంటే నువ్వు బీమారీ కిందే లెక్క, ఈడ ఉండేదానికిచ్చే ఇఖామా కాగితం రెన్యూవల్ చెయ్యద్దని కఫీల్‌కి, అదే యజమానికి, చెప్తానన్నాడు ఫోర్మన్. అప్పుడు పగలు తీసేస్తి. రాత్రిళ్ళు కట్టుకుంటా ఉంటి. రాన్రాను వేళ్ళు దాంట్లో పట్టల్యా."

"ఫోన్‌లో ఎందుకు చెప్పలేదు?"

"మీరు అంత దూరం నుంచి వచ్చి చేస్తిరి. ఏమని చెప్పేది?"

"మూడు నెల్లు మాతోనే తినె మేడం," అన్నాడు మస్తాన్. "శుక్రవారమైతే అందరికంటే ముందర వీడే కూసుంటా ఉండె."

ఖాదర్ తల దించుకుని నవ్వాడు. తర్వాత అడిగాడు: "ఇంకోసారి కోస్తే, ఇంకో మూడు నెల్లన్నా వస్తాదా మేడం?"

నాకు ఏడుపొచ్చింది. సెలవు లేకపోతే మళ్ళీ ముడుచుకుంటుందని, ఈసారి ఇంకా గట్టిగా బిగుసుకుంటుందని చెప్పాను. మరునాడు ఫోర్మన్‌తో మాట్లాడి చూస్తానన్నాను.

"సరే మేడం. అన్నం సల్లారిపోతాది, తినండి," అన్నాడు.

మరునాడు ఫోన్ చేస్తే ఫోర్మన్ మర్యాదగానే మాట్లాడాడు. పని ఆగడం లేదు కదా, ఖలాస్, ఇంక చెయ్యికేమైంది అన్నాడు. ఆ మనిషి మీద కోపం వచ్చింది కానీ, అంతకంటే నా మీద నాకే ఎక్కువ సిగ్గేసింది. ఆపరేషన్‌కి పట్టింది రెండు గంటలు. తర్వాతి ఆరు నెలలు ఎవరి చేతిలో ఉన్నాయో మా బృందంలో ఒక్కరం కూడా అడగలేదు. నేను పది రోజులు ఖాదర్ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, అయినా అడగలేదు.

ఇలాంటి శిబిరాలకు వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. పేషెంటు పేరు జాబితాలో ఎక్కించే ముందే, కోలుకునేదాకా తేలికపాటి పని ఇస్తామని యజమాని చేత అరబ్బీలో రాయించి సంతకం తీసుకోండి. ఆ కాగితం రాకపోతే ఆపరేషన్ వద్దని చెప్పండి. పళ్ళెం దగ్గరకు పిలిచి మళ్ళీ లేపడం కంటే అదే నయమని నేననుకుంటున్నాను. ఖాదర్ మాత్రం ఒప్పుకోడు.