శాంతిపురం రాగులకు బెల్టు ఎలివేటరు

డిప్యూటీ ఇంజనీరుగా పదోన్నతి వచ్చి నేను మదనపల్లెలో చేరింది దాదాపు పదేళ్ల కిందట. వేరుశెనగ పీకుళ్లు ముగిసి, కుప్పం వైపు రాగి కోతలు మొదలవుతున్న కాలం అది. మాది వ్యవసాయ యంత్రాల విభాగం. ట్రాక్టర్లు, నూర్పిడి యంత్రాలు, కోత మిషన్లు రైతు సంఘాలకు సబ్సిడీ మీద ఇప్పించడం, ఇచ్చినవి సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడడం మా పని. తంబళ్లపల్లె మెట్టల నుంచి కుప్పం సరిహద్దు దాకా నా పరిధి. జీపులో ఒక కొస నుంచి మరో కొసకు పోయి రావాలంటే పొద్దున బయలుదేరితే పొద్దుగూకేది.

చేరిన కొద్ది రోజులకే శాంతిపురం దగ్గరి ఒక పల్లె నుంచి నారాయణప్ప అనే రైతు బస్సెక్కి ఆఫీసుకు వచ్చాడు. ఆ ఊరి రాగి విత్తన రైతుల సంఘానికి ఆయన అధ్యక్షుడు. కుర్చీలో కూర్చోకుండానే తువ్వాలు మూట విప్పి, గుప్పెడు రాగులు నా టేబుల్ మీద పోశాడు.

"సూడండి సార్. తినేదానికైతే బంగారం. ఇత్తనానికి పనికిరావంట. ల్యాబులో తోసేసినారు" అన్నాడు.

విత్తనంగా అమ్మే ధాన్యాన్ని ముందు మొలక పరీక్షకు పంపాలి. నిర్ణయించిన శాతం కంటే తక్కువ గింజలు మొలిస్తే ఆ రాశి విత్తనం కింద చెల్లదు, తిండిగింజల కింద అమ్ముకోవాల్సిందే. ఆ సంఘం పండించే విత్తనం కోసం చుట్టుపక్కల పల్లెలు ఎదురుచూస్తుంటాయి. కూలీలు బెంగళూరు పనులకు పోవడంతో చేతికోత కష్టమై, ఆ ఏడు మొదటిసారి కంబైన్ హార్వెస్టర్‌తో, అంటే కోసి నూర్చి గింజను తొట్టెలోకి ఎత్తే మిషనుతో, కోత మొదలుపెట్టారు. మొదట కోసిన చేల రాశి పరీక్షలో పోయింది. సగానికి పైగా పంట ఇంకా చేలల్లోనే ఉంది.

"మిషను మంచిదే సార్. తోలే పాప స్పీడు పెట్టేస్తాండాది. గింజ నలిగిపోతాండాది. ఆ పాపను మార్చండి, లేదంటే మిషను వెనక్కి తీసుకోండి. ఇప్పటికి తాళం నా కాడే పెట్టుకోనుండాను" అని నారాయణప్ప తన తీర్మానం చెప్పేశాడు.

ఆ ఆపరేటరు పేరు మంజుల. అప్పటికి ఇరవై అయిదు దాటి ఉంటాయి. ఆమె తల్లి ఒకప్పుడు నారాయణప్ప కల్లంలోనే రాగులు నూర్చిన కూలీ. మంజుల మా శాఖ నడిపిన శిక్షణలో ట్రాక్టరు, తర్వాత కంబైను నేర్చుకుంది. సంఘం ఆమెను నెలజీతానికి పెట్టుకుంది. వాళ్ల కుటుంబంలో నెలజీతం అందుకున్న మొదటి మనిషి ఆమె. ఈ సంగతులన్నీ నాకు నారాయణప్పే చెప్పాడు. ఆమె మీద ఆయనకు కోపమున్నా చులకన లేదు. నష్టపోయిన మనిషి, ఎవరో ఒకరు కారణమై ఉండాలనుకున్నాడు, అంతే.

మరునాడు నేను అక్కడికి వెళ్లేసరికి మంజుల మిషనుకు కాస్త దూరంగా గట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"నేను స్పీడు పెంచనే లేదు సార్. ట్రైనింగులో ఏం చెప్పినారో ఆడే పెట్టుండాను. గింజ యాల పగలతాండాదో నాకూ తెలీడం లేదు" అంది. గొంతులో బతిమాలడం లేదు.

నారాయణప్ప దగ్గర తాళం అడిగి తీసుకుని ఆమె చేతికిచ్చి, ఎప్పటిలాగే నడపమన్నాను. గింజను కంకి నుంచి రాల్చే భాగం డ్రమ్ము. దాని వేగాన్ని మీటరుతో కొలిచాను. రాగికి చెప్పిన హద్దులోనే ఉంది. అయితే అంతటితో ఆమె మాట నిజమని తేల్చలేను. ఇంజనీరు నిలబడి చూస్తుంటే ఎవరైనా నిదానంగానే నడుపుతారు కదా అని నారాయణప్ప అనుకుంటే ఆ అనుమానానికి నా దగ్గర జవాబు లేదు.

అందుకని మూడు చోట్ల మచ్చు తీశాను. డ్రమ్ము కింద జల్లెడ మీద ఒకటి, గింజను పైకెత్తే ఎలివేటరు అడుగున ఒకటి, అదే ఎలివేటరు పైన తొట్టెలో పడే చోట ఒకటి. వేగం తప్పయితే మొదటి మచ్చులోనే గింజ దెబ్బతిని ఉండాలి. భూతద్దం పెట్టి చూస్తే తేడా కొంత తెలిసింది, కానీ రాగి గింజ ఆవగింజంత. పై పొర గీసుకుపోయిందా, లోపలి మొలక చెడిందా అన్నది కంటికి తేలదు. మూడు మచ్చులనూ విడివిడిగా తడిగుడ్డల్లో చుట్టి, గుర్తులు కట్టి, నారాయణప్ప ఇంట్లోనే పెట్టించాను. వాటిని తడుపుతూ చూసుకునే బాధ్యత ఆయన భార్య వెంకటమ్మ తీసుకుంది. తీర్పు ఆఫీసు కాగితం మీద కాక ఆయన ఇంటి వసారాలో తేలితే బాగుంటుందని నా ఉద్దేశం.

మొలకలు వచ్చే వేళకు మళ్లీ వెళ్లాను. సంఘం పెద్దలు నలుగురైదుగురు చేరారు. మంజుల గడప అవతల నిలబడింది. వెంకటమ్మ గుడ్డలు విప్పింది. మొదటి రెండింట్లో మొలకలు దట్టంగా, తెల్లటి దారాల్లా లేచాయి. మూడోదాంట్లో చాలా గింజలు ఉబ్బి, అలాగే చచ్చిపడి ఉన్నాయి.

నారాయణప్ప కాసేపు మూడు గుడ్డలనూ మార్చి మార్చి చూశాడు.

"అంటే, డ్రమ్ములో బాగుండాది. పైకి పోతా పోతా చెడతాండాది. అంతేనా సార్?"

"అంతే. పైకెత్తే దారిలోనే."

"అట్లయితే తప్పు పాపది కాదు" అన్నాడు. తర్వాత గడప వైపు తిరిగి, "లోపలికి రామ్మా, ఆడ నిలబడుకోనుండావు యాల?" అన్నాడు. వెంకటమ్మ అందరితో పాటు ఆమెకూ కాఫీ ఇచ్చింది. క్షమాపణ లాంటి మాటలేవీ జరగలేదు. జరగాలని మంజుల ఎదురుచూసినట్టు కూడా నాకు అనిపించలేదు. ఆమె మనసంతా మిషను మీదే ఉంది. "లోపల గొలుసుంటాది కదా సార్, అదేనా?" అని అడిగింది.

అదే. ఆ రకం కంబైన్లలో గింజను పైకెత్తేది గొలుసు ఎలివేటరు. రేకు గొట్టంలో గొలుసు తిరుగుతుంటుంది. దానికి బిగించిన పలకలు గింజను తోసుకుంటూ పైకి తీసుకుపోతాయి. వరి గింజకు ఊక కవచంలా ఉంటుంది కనుక ఆ ఒరిపిడి తట్టుకుంటుంది. రాగికి ఆ కవచం లేదు, పైగా సన్న గింజ. పలకకూ రేకుకూ మధ్య సందులో ఇరుక్కుని దారి పొడవునా రుద్దుకుంటుంది. గొలుసును నిదానం చేసి చూశాం. అడుగున గింజ పేరుకుపోయి మిషను ఉక్కిరిబిక్కిరైంది.

దీనికి మందు బియ్యం మిల్లుల్లో ఎప్పటినుంచో ఉంది. అక్కడ ధాన్యాన్ని ఎత్తేది బెల్టు ఎలివేటరు. పైన ఒక పుల్లీ, కింద ఒక పుల్లీ, వాటి మీద తిరిగే రబ్బరు బెల్టు, బెల్టుకు వరుసగా బిగించిన చిన్న గిన్నెలు. గింజ గిన్నెలో కూర్చుని పైకి పోతుంది, దేన్నీ రాసుకోదు. దాన్ని కంబైనుకు తగినట్టు కుదించి, గొలుసు ఎలివేటరు ఉన్న చోట బిగించాలని నా ఆలోచన.

సబ్సిడీ మీద ఇచ్చిన యంత్రంలో మార్పు చేయాలంటే మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు అనుమతి కావాలి. ఆయన నిబంధనల మనిషి. నేను చెప్పిందంతా విని ఒకే షరతు పెట్టారు. అసలు మిషనులో ఒక్క చోట కూడా కోత గానీ వెల్డింగు గానీ పడకూడదు. కొత్తది బోల్టులతో బిగించాలి, విప్పితే పాతది యథాప్రకారం కూర్చోవాలి. అప్పుడు చిరాకు వేసింది గానీ, ఆ షరతు వల్లే మేం చేసింది ఎవరైనా తగిలించుకోగల పరికరంగా తయారైంది.

తయారు చేసింది పుంగనూరులో వర్క్‌షాపు నడిపే ఖాదర్ బాషా. మిల్లు ఎలివేటర్ల మరమ్మతులో చేయి తిరిగిన మనిషి. నా డ్రాయింగు చూసి, "మిల్లులో రెండంతస్తులు ఎత్తేదాన్ని మనిషెత్తుకు దించమంటాండారు. గిన్నెలు చిన్నవి చేస్తే సరిపోదు సార్, తిరిగే వేగం కూడా చూడాల" అన్నాడు. ఆ మాట నిజం. పై పుల్లీ దగ్గర గిన్నె తిరగబడేటప్పుడు గింజ విసురుగా బయటికి పడాలి. వేగం తక్కువైతే గింజ వచ్చిన దారినే కిందికి జారుతుంది, ఎక్కువైతే రేకుకు కొట్టుకుంటుంది. ఆ లెక్క నేను చేశాను. తయారీ ఆయన చేశాడు. గిన్నెలు ఇనుపవి కాకుండా ప్లాస్టిక్‌వి పెడదామన్న సలహా కూడా ఆయనదే. నేను పుంగనూరు వెళ్లినప్పుడల్లా "మీ రాగుల లిఫ్టు అయ్యే కాడికి వచ్చింది సార్" అని నవ్వేవాడు.

ఆ లిఫ్టును జీపు వెనక కట్టుకుని శాంతిపురం చేరే నాటికి తుపాను కబురు వచ్చింది. రాగి కంకి వానకు తడిస్తే చేలోనే మొలకెత్తుతుంది, ఇక ఏ ఎలివేటరూ కాపాడలేదు. బిగింపు పూర్తయ్యాక మంచు ఆరేదాకా ఆగి నారాయణప్ప చేలోనే మిషను దించాం. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు కూడా వచ్చారు. గట్ల మీద ఊరు సగం నిలబడింది.

మిషను కదిలింది. తొట్టెలో రాగులు సన్నటి ధారగా పడడం మొదలైంది. నారాయణప్ప నిచ్చెన ఎక్కి దోసిలి పట్టాడు. మొదటి సాలు బాగా సాగింది. రెండో సాలు సగంలో ఉండగా మంజుల మిషను ఆపేసి ఇంజను కూడా కట్టేసింది.

"ఏమైందమ్మా? యాల నిలిపేస్తివి? బాగానే పడతాండాది కదా" అని పైనుంచి నారాయణప్ప కేక వేశాడు.

"రబ్బరు వాసన వస్తాండాది అప్పా. బెల్టు యాడో రాసుకుంటాండాది. ఇట్లే తోలితే తెగిపోతాది."

"ఇంకో సాలు పోనిచ్చి సూడరాదా? మొబ్బు కమ్ముకొస్తాండాది."

"వద్దప్పా. తెగితే రబ్బరు ముక్కలు ఇత్తనంలో పడతాయి" అంది.

ఆ క్షణం ఆమెకు ఎంత కష్టమో నాకు తెలుసు. మొన్నటిదాకా నింద మోసిన మనిషి. ఆ వేళ మిషను ఆగకుండా నడిస్తే చాలు, అందరి నోళ్లూ మూతపడేవి. పక్క తలుపు విప్పి చూశాం. బెల్టు ఒక పక్కకు జరిగిపోయి అంచు రేకుకు రాసుకుంటోంది. రబ్బరు లోపలి నూలు పోగులు అంచున అప్పుడే పైకి లేచాయి. ఇంకొంచెం నడిచి ఉంటే చీలిపోయేది.

కారణం తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. మిల్లులో ఎలివేటరు సిమెంటు దిమ్మె మీద నిటారుగా నిలిచి ఉంటుంది. ఇక్కడ వాలు చేలో మిషను ఒక పక్కకు ఒరిగితే దాంతోపాటు ఎలివేటరూ ఒరుగుతుంది, చదును పుల్లీ మీద బెల్టు పల్లానికి జారుతుంది. పుల్లీ నడిమి భాగం అంచుల కంటే కాస్త ఉబ్బుగా ఉంటే బెల్టు తనంతట తానే నడుమకు వచ్చి నిలుస్తుంది. పుల్లీలు విప్పి జీపులో వేసుకుని నేనే పుంగనూరు వెళ్లాను. ఖాదర్ బాషా చేతిలో పని పక్కన పెట్టి లేతు మిషను మీద వాటి అంచులు తరిగి, నడుమ ఆ ఉబ్బు వచ్చేలా చేసి ఇచ్చాడు. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు తిరిగిపోతారనుకున్నాను. ఆయన మాత్రం కుప్పంలో గది తీసుకుని ఉండిపోయారు.

మరునాడు మంజుల అదే చేను పైనుంచి కింది దాకా, వాలుకు అడ్డంగానూ నిలువుగానూ, కావాలనే అన్ని వైపులా తోలింది. ప్రతి మలుపులోనూ తలుపు తీయించి బెల్టు చూసింది. నడుమ నుంచి అది కదలలేదు. అప్పుడు, "ఇంక పోదాం సార్" అంది.

ఆ తర్వాత వాళ్లకు నా అవసరం రాలేదు. మబ్బు ముదురుతుంటే ఎవరి చేను ముందు కోయాలన్న తగువు రావలసింది. వంకల పక్కన పల్లపు చేలు ముందు, ఎత్తు చేలు తర్వాత అని మంజుల వరుస చెప్పింది. ఎత్తులో తన చేను ఇంకా మిగిలే ఉన్న నారాయణప్ప, "పాప చెప్పినట్లే కానీండి" అన్నాడు. చినుకు పడే ముందే పంటంతా ఇళ్లు చేరింది. ఈసారి రాశి మొలక పరీక్షలో నెగ్గింది. ఆ కబురు ఫోనులో చెబుతూ నారాయణప్ప, "మా మంజుల ఆ పొద్దు నిలిపేసింది సూడండి సార్, అదీ పని" అన్నాడు. తర్వాతి కోతలకు ఖాదర్ బాషా అదే కొలతలతో మరికొన్ని చేసి ఇచ్చాడు. మంజులను మా శాఖ శిక్షణ తరగతులకు పిలిపించాం. కొత్తవాళ్లకు మొదట ఏం నేర్పుతావని అడిగితే, "నిలపడం సార్, తోలడం వాళ్లకే వస్తాది" అంది.

ఈ ఉదంతం తర్వాత నా సర్వీసులో ఫిర్యాదులు చూసే పద్ధతి మారింది. యంత్రం చెడ్డ ఫలితం ఇచ్చిందంటే, ఆ చెడు ఏ భాగంలో మొదలైందో మచ్చులు తీసి తేల్చేవాణ్ణి. అది తేలాక ఎవరి వల్ల అని అడగాల్సిన అవసరం చాలాసార్లు ఉండేది కాదు. ఇక యంత్రాన్ని బాగా నడిపేవాళ్లు వెతికితే దొరుకుతారు. నలుగురూ చూస్తుండగా, తన ఉద్యోగం తేలాల్సిన రోజున, ఆపాల్సిన చోట ఆపగల ఆపరేటరు ఉన్న సంఘానికి మాత్రం మా విభాగంతో పెద్దగా పని పడదు.