లైటింగ్ వేణు చేసిన పట్టపగలు

ఛత్రినాకలో లైటింగ్ వేణు తెలియనివాళ్లు లేరు. ఎవరైనా ఉంటే ఆయనే వెళ్లి పరిచయం చేసుకుంటాడు. పెళ్లి పందిరికైనా, గణేశ్ మండపానికైనా, బోనాల కమానుకైనా సీరియల్ బల్బుల సెట్లు కట్టడం వేణుగోపాల్ పని. పని అంటే ఏముంది, ఖాళీ కనబడితే బల్బు పెట్టడమే. ఓ పెళ్లిలో పెళ్లికూతురి మొహం మీద పసుపు లైటు కొట్టి, పిల్లకు కామెర్లేమోనని మగపెళ్లివారు గుసగుసలాడుకునేదాకా తెచ్చాడు. సిగ్గుండాలి కదా! దాన్నీ గొప్పగానే చెప్పుకున్నాడు.

అంతటి మహానుభావుడి కూతురు అఖిల. డిగ్రీ చదువుతోంది. దిమ్మెలు పేర్చి ఊళ్లు కట్టే వీడియో గేములో ఆ పిల్ల తమ గల్లీని కట్టింది, గేదెల కొట్టం నుంచి గుడి మెట్ల దాకా. అదంతా నాయనమ్మ రుక్మాబాయి కోసం. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఇంటి బోనం కుండ తానే ఎత్తి అమ్మవారి గుడికి మోసిన మనిషి. ఈ ఏడు మోకాళ్లు మొరాయించాయి, కుర్చీలో కూర్చోక తప్పదు. బోనాల సాయంత్రం మండపం దగ్గర పెట్టే తెర మీద, చీకటి గల్లీలో, ఆమెలాంటి బొమ్మ నెత్తిన బోనంతో, బోనం మీద దీపంతో నడవాలి. నాయనమ్మ అది కళ్లారా చూడాలి. అఖిల పట్టుదల అదొక్కటే.

అయితే ఆ గేములో కాగడా గోడకు గుచ్చితేనే వెలుగు. పట్టుకుని నడిస్తే చుట్టూ చీకటే. అందుకని బయటివాళ్లెవరో రాసిన మోడ్, అంటే గేముకు తగిలించే చిన్న ప్రోగ్రామ్, తెచ్చి కలిపింది. ఇప్పుడు దీపం ఎటు కదిలితే వెలుగూ అటే. బొమ్మ నడుస్తుంటే గోడలు ఒక్కొక్కటే వెలిగి మళ్లీ చీకట్లో కలిసిపోతాయి.

అది చూసి వేణుగోపాల్ మొహం చిట్లించాడు.

"గిదేంది బిడ్డా, గల్లీ మొత్తం చీకటి? లైటింగ్ వేణు ఇంటి ముంగట్నే లైట్లు లెవ్వంటరు. నా ఇజ్జత్ ఏంగావాలె?"

"చీకటుంటేనే గద బాపూ, దీపం తెలుస్తది. దాన్ని ముట్టకు, నీకు దండం పెడ్త."

"సరే సరే, ఫికర్ చెయ్యకు."

ఆయన సరే అన్నాడంటే కొంప సగం మునిగినట్టే.

బోనాల రోజు మధ్యాహ్నం అఖిల తల్లితో కలిసి కుండకు పసుపు పూస్తోంది. వేణుగోపాల్ లాప్‌టాప్ ముందు చేరాడు. కూతురు ఆడుతుంటే చూసి చూసి అబ్బిన విద్య ఉండనే ఉంది. గోడగోడకూ, మెట్టుమెట్టుకూ, ఆఖరికి గేదెల తొట్టి అంచుకూ వెలిగే దిమ్మెలు కొట్టాడు. గల్లీ పట్టపగలైంది. ఏదో ఘనకార్యం చేసినట్టు మీసం దువ్వుకున్నాడు.

సాయంత్రం తెర వెలగగానే జనం ఈలలు వేశారు. "వేణన్నా, మస్తు కొట్టినవ్!" అని అరిచాడు కమిటీ పెద్ద కృష్ణయ్య. అఖిల తెర చూసి కొయ్యబారిపోయింది. వేళ్లు మాత్రం బొమ్మను నడిపిస్తూనే ఉన్నాయి.

ముందు వరసలో రుక్మాబాయి కళ్లు చికిలించి చూసింది. బొమ్మను గుర్తుపట్టింది, బోనాన్నీ గుర్తుపట్టింది. ముసలి మొహం విప్పారి, అంతలోనే వాడిపోయింది.

"దీపం ఆరిపోయిందేందిరా వేణూ?"

ఈలలు ఆగిపోయాయి. గుడి చేరకముందే బోనం మీది దీపం ఆరితే ఎంత కీడో ఆ బస్తీకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆడవాళ్లు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఆరలేదే అమ్మా! వెలుగుతనే ఉన్నది. లైట్లు ఎక్కువై కనవడ్తలేదు, గంతే."

ఆమెకు ఆ మాట ఎక్కలేదు. "నేను ఎత్తినప్పుడు ఒక్కనాడన్న ఆరిందారా?" కుర్చీలోంచి లేవబోయింది. "నన్ను ఇంటికి తోల్కపోండ్రి."

"లైటింగ్ మాత్రం సూపర్ అన్నా" అన్నాడు కృష్ణయ్య, వాతావరణం తేలికచేద్దామని. జన్మలో మొదటిసారి ఆ పొగడ్త వేణుగోపాల్‌కు చెంపదెబ్బలా తగిలింది. తగలాల్సిందే!

"ఆ దిమ్మెలన్నీ నేనే తీసేస్త బిడ్డా. రేపు మళ్ల చూపిద్దాం" అన్నాడు కూతురి వెనకాలే వెళ్లి.

అఖిల లాప్‌టాప్ మూసేసి, నాయనమ్మను లేపి నిలబెట్టింది.

"రేపటి సంగతి రేపు, బాపూ. దీపం ఆరిందనుకుంట నాయనమ్మ ఇయ్యాల ఎట్ల పండుకుంటది?"