లేపకూడని దీపం

అత్తమ్మ మంచం పక్కకు ఆక్సిజన్ మిషన్ వచ్చిన రోజే మా ఇంట్లో దీపం ఆగిపోయింది. మిషన్ బిగించినాయన ఆ గదిలో అగ్గిపుల్ల కూడా గీయొద్దని గట్టిగా చెప్పి వెళ్లాడు. బీరంగూడలో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. దేవుడి గూడు, అత్తమ్మ మంచం ఒకే గదిలో ఉంటాయి. సాయంత్రం దీపం పెట్టాకే అన్నం ముట్టడం ఆమెకు పెళ్లైన నాటి నుంచి ఉన్న నియమం. ఇప్పుడు దీపమే లేదు. నా మాట కాదనలేక రెండు ముద్దలు తిని కంచం జరిపేసేది. ఒంట్లో బలం లేకపోతే మందులు పనిచేయవని డాక్టరు అన్నప్పటి నుంచి నాకు అదే దిగులు.

బజారులో దొరికే బ్యాటరీ దీపం తెచ్చాను. పిల్లలు ఆడుకునేదని తల తిప్పుకుంది.

నేను బడికి పోలేదు. అక్షరాలు నాన్న ఇంట్లోనే దిద్దించాడు. టంకం పెట్టడం, లైట్లకు ప్రోగ్రాం రాయడం ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను. పండుగలకు మా గుమ్మానికి లైట్ల తోరణం నేనే కడతాను. దేవుడు నా చేతులకు ఈ పిచ్చి ఎందుకిచ్చాడో ఇప్పుడు తెలిసినట్టు అనిపించింది. మట్టి ప్రమిదలో చిన్న పసుపు లైటు, ప్రమిద వెనక ఎనిమిది కాళ్ల చిప్పు పెట్టాలనుకున్నాను. మంట ఎలా కదలాలో ఆ చిప్పులోకి ఎక్కించాలంటే ప్రోగ్రామర్ అనే చిన్న పరికరం కావాలి. నా పాతది ఎప్పుడో పాడైపోయింది.

పటాన్‌చెరులో టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర ఇలాంటి సామాను దొరుకుతుంది. నేను చాచా అంటాను. ఆయన రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకదానికి చిప్పును ఊడదీసి అందులో కూర్చోబెట్టి పిడి నొక్కాలి. ఇంకోటి అరచేతిలో ఇమిడేంత చిన్నది, వైరు చివర క్లిప్పు ఉంది. చిప్పును కదపకుండా, ఉన్నచోటే దాని కాళ్లను పట్టుకుంటుంది.

"పిడిది తీస్కో బేటీ, మజ్బూత్ ఉంటది. క్లిప్పు ఊకె జారుతది, పరేషాన్ చేస్తది" అన్నాడు.

సరేనని చెయ్యి చాపాను. అంతలో ఆక్సిజన్ మిషన్ మీద అత్తమ్మ పెట్టిన కుంకుమ బొట్టు గుర్తొచ్చింది. ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా, అది పనిచేస్తుందో లేదో చూడకముందే బొట్టు పెడుతుంది. అదే దీపమైతే, బొట్టు పెట్టి గూట్లో కూర్చోబెట్టాక ఇక లేపనివ్వదు. మంట కుదరకపోతే చిప్పును ఎలా ఊడదీసేది? అత్తమ్మ అన్నం తినని సంగతితో సహా ఆ మాటే చాచాకు చెప్పాను.

ఆయన నవ్వలేదు. పిడి ఉన్నదాన్ని డబ్బాలో పెట్టేసి, క్లిప్పు పళ్లను రబ్బరుతో మెల్లగా రుద్ది ఇచ్చాడు. "ఇగ జారదు. పెద్దమ్మ తిన్నదంటే నాకు చెప్పు" అన్నాడు.

అనుకున్నట్టే అయింది. దీపం బిగించి నేను చార్జరు వైరు కలిపేలోపే అత్తమ్మ ప్రమిదకు బొట్టు పెట్టి, గూట్లో పెట్టించి దండం పెట్టుకుంది. స్విచ్ వేశాను. లైటు గాలివానలో చిక్కుకున్నట్టు కొట్టుకుంది.

అత్తమ్మ చాలాసేపు చూసింది. "గింతగనం వణుకుతదేంది బిడ్డా? నా లెక్కనే ఉన్నది" అంది.

అన్నం వద్దంది. నేను మా ఆయన లాప్‌టాప్ తెచ్చుకుని గూటి కింద కూర్చున్నాను. దీపాన్ని కదపకుండా వెనక నుంచి క్లిప్పు పెట్టి, వణుకు తగ్గించి మళ్లీ ఎక్కించాను. ఎక్కుతున్నంతసేపు లైటు ఆరిపోయేది. అప్పుడల్లా అత్తమ్మ కళ్లు మూసుకుని రాముణ్ణి తలుచుకునేది. వెలగగానే తెరిచి, మంచం మీది నుంచే నాకు పని చెప్పేది. ఇంకా నెమ్మది కావాలంది. మరీ నిలబడిపోయిందంది. వత్తి చివర కొంచెం ఎరుపుండాలంది. ఎరుపు నా చేతిలో లేదని చెబితే, పోనీలే అని దీపాన్ని క్షమించింది. ముక్కుకు గొట్టం పెట్టుకుని ఆమె అంత మాట్లాడటం ఈ మధ్య నేను చూడలేదు.

చివరికి ఒకసారి ఏమీ అనలేదు. మంట మెల్లగా పైకి సాగి, కొంచెం వంగి, మళ్లీ సర్దుకుంటోంది.

"తలుపు దగ్గరికెయ్యి, గాలొస్తది" అంది.

గాలికి ఆరేది కాదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. లేచి తలుపు దగ్గరగా వేశాను. అన్నం కలిపి తెస్తే కంచం ఒళ్లో పెట్టుకుని, దీపాన్నే చూస్తూ తిన్నది. సగమయ్యాక కంచం నా వైపు చాపింది.

"జెర పచ్చిపులుసు పొయ్యి."

పోసి, వంటగదిలోకి వెళ్లి చాచాకు ఫోన్ చేశాను.