వాసన చూడని ధూపం

నైవేద్యానికి పులిహోర కలిపేటప్పుడు మా ఇంట్లో ఉప్పు చూడరు. దేవుడికంటే ముందు నాలుక మీద వేసుకుంటే అది ఎంగిలి. అయినా నా చేతిలో ఉప్పు ఎప్పుడూ తప్పలేదు. ఎవరూ అనకపోతే నేనే అనుకుంటాను.

డబ్లిన్‌లో బోమాంట్ ఆసుపత్రి దగ్గర అద్దెకున్నప్పుడు మా పక్కింట్లో ఒక రిటైరైన టీచరమ్మ ఉండేది. ఐరిష్ ఆవిడ, గ్రీకు చెప్పేదట. ఇళ్ల ధరలు కొండెక్కి కూర్చున్న కాలం. ఆమె కూడా ఇల్లు అమ్మేసి చిన్న ఫ్లాట్‌కి వెళ్లిపోతోంది. ఆ ఫ్లాట్‌లో ఫైర్‌ప్లేస్ లేదు. ఆమె దిగులంతా అదే. గ్రీకుల పొయ్యి దేవత హెస్టియాని ఆమె నలభై ఏళ్లుగా ఆ నిప్పులోనే కొలుస్తోంది. పటం లేదు, బొమ్మ లేదు, నిప్పే దేవత.

శుక్రవారం నేను వేసే సాంబ్రాణి పొగ గోడ దాటి వెళ్లేది. ఒకరోజు ఆమె తలుపు కొడితే, గొడవకే వచ్చిందనుకుని కొంగు బిగించాను.

"తాళాలు ఇచ్చేసే రోజున హెస్టియాకి చివరి ధూపం వెయ్యాలి. కొన్నది వద్దు. నువ్వు చేసిపెడతావా?" అంది.

నన్నా అడగడం! చర్చి సామాన్ల షాపు నుంచి ఆమె ఫ్రాంకిన్‌సెన్స్ తెచ్చింది. మన సాంబ్రాణిలాంటి బంకే. అందులో ఆమె పెరట్లోని, మన బిర్యానీ ఆకులాంటి బే ఆకు, ఎండుద్రాక్ష, తేనె వేసి, ఇండియా నుంచి మోసుకొచ్చిన చిన్న రోట్లో దంచాను. వాసన తగలకుండా ముక్కుకి చున్నీ కట్టుకున్నాను. రేగుపళ్లంత ఉండలు చేశాను. ఐర్లండ్ ఎండని నమ్ముకుంటే అవి ఆరవు. అందుకని వేడినీళ్ల ట్యాంకు ఉండే అల్మరాలో, ఇక్కడివాళ్లు హాట్ ప్రెస్ అంటారు, తువ్వాళ్ల పక్కన పెట్టాను.

"ఒకటి వెలిగించి చూద్దామా?" అంది ఆమె.

"మీ దేవతకంటే ముందు మనం పీలుస్తామా?"

మా ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి. "టెస్టింగ్ లేకుండా రిలీజ్ ఏంటే!" అని తల పట్టుకున్నాడు.

ఆ రోజు వచ్చింది. ఖాళీ గదిలో ఫైర్‌ప్లేస్ ఒక్కటే వెచ్చగా ఉంది. ఆమె ఉండని ఎర్రటి బొగ్గుల మీద పెట్టింది. చుయ్యిమని నల్ల పొగ, బెల్లం మాడిన కంపు. ఆమె వెళ్లి కిటికీ తెరిచింది. అదే గుచ్చుకుంది. నలభై ఏళ్ల పూజకి ముగింపు నా చేతుల్లో మాడిపోతోంది. సిగ్గుతో ఒళ్లు మండిపోయి, పటకారు లాక్కుని ఉండని చితక్కొట్టాను. లోపల ఇంకా పచ్చిగానే ఉంది. ఆ ముక్కల్ని నిప్పు మీంచి బూడిద అంచుకి లాగాను. బంక నెమ్మదిగా కరిగింది. తెల్లటి పొగ లేచింది. గదంతా గుడిలా అయిపోయింది.

"గ్రాండ్," అంది ఆమె కళ్లు మూసుకుని. "చాలా గ్రాండ్."

బయట కారులో ఏజెంట్ తాళాల కోసం ఎదురుచూస్తున్నాడు. నిప్పు ఆర్పి వెళ్లాలి. ఆమె నీళ్ల జగ్గు అందుకుంది.

"ఆగండి!" అని అరిచాను. మా అమ్మమ్మ పొరుగింటి పొయ్యిలోంచి పిడక మీద నిప్పు తెచ్చుకునేది. నేను ఇనప పారతో నాలుగు బొగ్గులెత్తుకుని మా ఇంటికి నడిచాను. మా ఫైర్‌ప్లేస్‌కి అడ్డంగా టీవీ ఉంది.

"తియ్యండి దాన్ని!"

"లీజులో రాసుంది కదే, మంట పెట్టకూడదని..." అంటూనే మా ఆయన టీవీ జరిపాడు.

కాసేపటికి ఆమె కోటు వేసుకుని వచ్చింది. అరచేతిలో ఒక ఉండ మిగిలుంది. నేను చేసినట్టే చితిపి, బూడిద అంచున పెట్టింది. "ఈ కొత్తింట్లో హెస్టియాకి మొదటిది," అంది.

మేం అక్కడ ఉన్నన్నాళ్లూ ఆదివారాలు ఆమె బస్సెక్కి వచ్చేది. తలుపు తీస్తే నన్ను పలకరించేది కాదు. నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లి కూర్చునేది.